కారు ప్రమాదం తర్వాత మనసుకు తగిలిన దెబ్బకి పరిహారం: విశాఖలో క్లెయిమ్ ఎలా వేయాలి?

పెదగంట్యాడ రాము

అందరికీ నమస్కారం. మా అక్క విషయంలో సలహా కావాలి. కూర్మన్నపాలెం దగ్గర హైవే మీద సిగ్నల్ కోసం ఆగి ఉన్న కారుని వెనకనుంచి లారీ గుద్దింది. అక్కే నడుపుతోంది, సీటు బెల్టు పెట్టుకునే ఉంది. కాలర్ బోన్ విరిగింది, ఇప్పుడు అతుక్కుంది. ఎఫ్‌ఐఆర్ అయింది. లారీకి ఇన్సూరెన్స్ ఉంది. నాలుగు నెలలు దాటింది. వయసు 34, ప్రైవేటు కంపెనీలో నెలకి 30 వేలు జీతం, ఎక్కువగా ఫీల్డు విజిట్ల పని.

ఎముక బాగయింది గానీ మనిషి మామూలు కాలేదు. స్టీరింగ్ పట్టుకోదు. వెనకాల ఎయిర్ హారన్ మోగితే వణికిపోతుంది. నిద్ర సరిగ్గా లేదు. ఇన్సూరెన్స్ తరఫున వచ్చినాయన “ఎముక అతికింది కదమ్మా, ఇంకేముంది” అన్నాడట. మనసుకి తగిలిన దెబ్బకి చట్టంలో డబ్బులు ఇస్తారా? ఇస్తే ఏ లెక్కన ఇస్తారు, ఏం కాగితాలు కావాలి?

ఎంవీఓపీ మాస్టారు

రాము గారూ, ముందు గడువు సంగతి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 166(3) ప్రకారం ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు, ప్రమాద పరిహారం కేసులు విచారించే కోర్టు అయిన ట్రిబ్యునల్‌లో పిటిషన్ పడాలి. 2019 సవరణలో వచ్చిన ఈ నియమం 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఈ గడువు చెల్లదంటూ వేసిన కేసులు సుప్రీంకోర్టులో నడుస్తున్నాయి. అవి తేలేవరకు ఆలస్యం పేరుతో పిటిషన్లు కొట్టేయవద్దని 2025 నవంబరులో మధ్యంతర ఆదేశం కూడా వచ్చింది. దాన్ని నమ్ముకుని మాత్రం కూర్చోకండి. మీ చేతిలో ఇంకా రెండు నెలల లోపు సమయం ఉంది, అందులోనే వేసేయండి.

“పోలీసులు రిపోర్టు పంపారు, అదే సరిపోతుంది” అని చాలామంది ఆగిపోతారు. ఇప్పటి నిబంధనల ప్రకారం దర్యాప్తు అధికారి 48 గంటల్లో ఫారం-1 (మొదటి ప్రమాద నివేదిక), 50 రోజుల్లో ఫారం-5 (మధ్యంతర నివేదిక), 90 రోజుల్లో ఫారం-7 (వివర నివేదిక) ట్రిబ్యునల్‌కి ఇవ్వాలి. సెక్షన్ 166(4) కింద ఆ నివేదికనే దరఖాస్తుగా తీసుకోవచ్చు. కానీ ఆ నివేదికలో ఉండేది ఎఫ్‌ఐఆర్, వూండ్ సర్టిఫికెట్ (గాయాల పత్రం), ఎంవీఐ రిపోర్టు (వాహన తనిఖీ అధికారిది), లైసెన్సు, పాలసీ. అక్క నిద్ర గురించి, డ్రైవింగ్ భయం గురించి అందులో ఒక్క ముక్క ఉండదు. స్టేషన్‌కి వెళ్లి ఫారం-6, అంటే బాధితులు నింపే ఫారం, ఇచ్చారో లేదో చూడండి. ఇవ్వకపోతే మానసిక వైద్యం కాగితాలు కూడా జతచేసి ఇవ్వండి. దాంతోపాటు సొంతంగా 166 కింద పిటిషన్ వేయండి, రెండూ కలిపి విచారిస్తారు.

ఎక్కడ వేయాలంటే, ప్రమాదం జరిగిన చోటైనా, అక్క ఉంటున్న చోటైనా, ఉద్యోగం చేస్తున్న చోటైనా, లారీ యజమాని ఉన్న చోటైనా వేయొచ్చు. లారీ ఏ రాష్ట్రానిదైనా ఫర్వాలేదు, విశాఖ జిల్లా కోర్టులోని ట్రిబ్యునల్‌లో వేసుకోండి. నంబరు ఎంవీఓపీ, అంటే మోటారు వాహనాల ఒరిజినల్ పిటిషన్, అని పడుతుంది.

ఇక అసలు ప్రశ్న. ఇస్తారు. “బాధ, యాతన, మానసిక ఆఘాతం” అన్నది పరిహారంలో ఒక పద్దు. ఆర్.డి. హట్టంగడి కేసులో (1995) సుప్రీంకోర్టు శారీరక, మానసిక షాకుని, జీవితంలో మిగిలే నిరాశని, ఒత్తిడిని డబ్బు లెక్కకి అందని నష్టాల కింద పేర్కొంది. రాజ్‌కుమార్ వర్సెస్ అజయ్‌కుమార్ (2011) తీర్పు ఆ పద్దులన్నీ వరసగా పెట్టింది. వైద్యం, మందులు, రవాణా, పోషకాహారం ఒకటి. చికిత్స కాలంలో పోయిన జీతం, శాశ్వత వైకల్యం వల్ల ముందుముందు పోయే సంపాదన ఒకటి. తర్వాత భవిష్యత్తు వైద్య ఖర్చు, బాధ–యాతన–ఆఘాతం, జీవితంలో సుఖసౌకర్యాలు కోల్పోవడం, ఆయుష్షు తగ్గడం.

అదే తీర్పులో ఇంకో మాట ఉంది, మీ కేసు నిలిచేదీ పడిపోయేదీ అక్కడే. మామూలు గాయాల కేసుల్లో వైద్య ఖర్చు, చికిత్స కాలపు జీతం, బాధ–యాతన, ఈ మూడే ఇస్తారు. మిగతా పద్దులు తీవ్రమైన కేసుల్లో, అదీ ప్రత్యేకంగా వైద్య సాక్ష్యం ఉంటేనే. కాబట్టి అక్క కేసు “కాలర్ బోన్ విరిగి అతికిన కేసు”గా కోర్టుకి వెళ్తే ఆఘాతం పద్దు కింద నామమాత్రంగా ఏదో ఇస్తారు. గాయం వల్ల వచ్చిన మానసిక రుగ్మత ఆమె పనిని దెబ్బతీసిందని నిరూపిస్తే లెక్కే మారిపోతుంది.

నెమలికన్ను

వైద్యం వైపునుంచి చెబుతాను. ముందుగా, అక్కగారికి కావలసింది చికిత్స. కేసు కోసం డాక్టరు దగ్గరికి వెళ్లడం కాదు. చికిత్స సరిగ్గా నడిస్తే కాగితాలు వాటంతట అవే తయారవుతాయి.

ప్రమాదం తర్వాత మొదటి నెలలో భయం, నిద్రలేమి, ఉలిక్కిపడటం చాలామందికి ఉంటాయి, ఎక్కువమందికి తగ్గిపోతాయి. నెల దాటినా నాలుగు రకాల లక్షణాలూ ఉంటే ఆఘాతం తర్వాత వచ్చే ఒత్తిడి రుగ్మత, పీటీఎస్‌డీ అని ఆలోచిస్తాం. ప్రమాద దృశ్యం పదేపదే కళ్ల ముందుకి రావడం, దాన్ని గుర్తుచేసే చోట్లనీ పనుల్నీ తప్పించుకోవడం, మనసు మొద్దుబారడం లేదా తప్పంతా తనదే అనుకోవడం, ఎప్పుడూ అప్రమత్తంగా ఉలికిపడుతూ ఉండటం. రాము గారు రాసిన మూడు లక్షణాలూ ఈ కోవలోవే. కానీ ఇక్కడినుంచి రోగనిర్ధారణ చేయలేం. సర్దుబాటు సమస్య కావొచ్చు, డిప్రెషన్ కావొచ్చు, తలకి దెబ్బ తగిలి ఉంటే దాని ప్రభావమూ కావొచ్చు. ప్రమాదం రోజు తల తగిలిందా, స్పృహ తప్పిందా అన్నది తప్పకుండా డాక్టరుకి చెప్పండి.

సైకియాట్రిస్ట్ వేరు, సైకాలజిస్ట్ వేరు. రోగం పేరు పెట్టి మందు రాసేది సైకియాట్రిస్ట్. పరీక్షలు, థెరపీ చేసేది క్లినికల్ సైకాలజిస్ట్, ఆయనకి భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్ ఉండాలి. “కౌన్సెలర్” అని బోర్డు పెట్టుకున్న వాళ్ల ఉత్తరం కోర్టులో నిలబడటం కష్టం. ప్రభుత్వ వైద్యం కావాలంటే చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. అక్కడి ఓపీ చీటీ కోర్టులో ఏ కార్పొరేట్ రిపోర్టుకీ తీసిపోదు. “మెంటల్ ఆసుపత్రికి వెళ్లారంటారు” అని ఇంట్లోవాళ్లు వెనకాడటం వల్ల ఎన్నో కేసుల్లో విలువైన తొలి నెలలు పోతున్నాయి. ముందు ఫోనులో మాట్లాడాలనుకుంటే టెలీ మానస్ 14416, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

డాక్టరు కేసు షీటులో ఏమేం ఉంటే పనికొస్తుందంటే: ప్రమాదం తేదీ, లక్షణాలు మొదలైన తేదీ, ఏ లక్షణం వారానికి ఎన్నిసార్లు, ప్రమాదానికి ముందు మానసిక ఆరోగ్యం ఎలా ఉండేది, పని మీద ప్రభావం, రోగం పేరు కోడ్‌తో సహా. జబ్బులకి అంతర్జాతీయంగా వాడే కోడ్ల జాబితా ఐసీడీ-10లో పీటీఎస్‌డీ కోడ్ ఎఫ్ 43.1. తక్షణ ఒత్తిడి ప్రతిచర్యకి ఎఫ్ 43.0, సర్దుబాటు సమస్యకి ఎఫ్ 43.2. “యాంగ్జయిటీ” అని ఒక్క ముక్క రాసిన చీటీ ఉంటే అవతలి లాయరు దాన్ని రెండు నిమిషాల్లో పక్కన పెట్టించేస్తాడు.

పీసీఎల్-5 అని 20 ప్రశ్నల స్కేలు ఉంది. మార్కులు 0 నుంచి 80, సుమారు 31–33 దాటితే పీటీఎస్‌డీ ఉండే అవకాశం ఎక్కువ. ఒక్కసారి చేయించి వదిలేయకండి. ఇప్పుడొకసారి, థెరపీ సగంలో ఒకసారి, చివర ఒకసారి తేదీలతో ఉంటే మనిషి ఎంత కోలుకుందో, ఎంత మిగిలిపోయిందో తెలుస్తుంది. చికిత్సకి ఆఘాతం మీద దృష్టి పెట్టే సీబీటీ (ఆలోచనల్నీ ప్రవర్తననీ మార్చే థెరపీ), ఈఎండీఆర్ (కళ్ల కదలికల సాయంతో చేసే థెరపీ) ఉన్నాయి. మందుల్లో సెర్ట్రలిన్, పారోక్సిటిన్ లాంటివి వాడతారు. నిద్ర పట్టడం లేదని మెడికల్ షాపులో అడిగి నిద్రమాత్రలు నెలల తరబడి వాడకండి. పీటీఎస్‌డీని అవి తగ్గించవు, అలవాటుగా మారతాయి. ప్రిస్క్రిప్షన్ లేని బిల్లులకి కోర్టులో విలువా ఉండదు.

ఇంకొక్కటి. కొందరికి పూర్తి లక్షణాలు ఆరు నెలల తర్వాతగానీ బయటపడవు. దాన్ని ఆలస్యంగా వచ్చే పీటీఎస్‌డీ అంటాం. మాస్టారు చెప్పిన గడువు కూడా సరిగ్గా ఆరు నెలలే. అలాంటివాళ్లు ఏం చేయాలి మాస్టారూ?

ఎంవీఓపీ మాస్టారు

మంచి ప్రశ్న వేశారు డాక్టరు గారూ. శరీర గాయంతో గడువులోగా పిటిషన్ వేసేయాలి. అందులో “మానసిక లక్షణాలకి చికిత్స సాగుతోంది, నిర్ధారణ అయ్యాక వివరాలు దాఖలు చేసే హక్కు ఉంచుకుంటున్నాను” అని ఒక పేరా పెట్టాలి. తర్వాత సవరణ దరఖాస్తు వేసి పద్దు చేర్చవచ్చు, అంకె పెంచవచ్చు. న్యాయమైన పరిహారం అడిగినదానికన్నా ఎక్కువైనా ట్రిబ్యునల్ ఇవ్వొచ్చని నాగప్ప కేసులో (2003) సుప్రీంకోర్టు చెప్పింది. పెరిగిన మొత్తానికి కోర్టు ఫీజు తేడా కట్టమంటారు, అంతే. పైగా సెక్షన్ 171 కింద వడ్డీ పిటిషన్ వేసిన తేదీకి ముందునుంచి రాదు. ఆలస్యమైతే ఆ మేరకి వడ్డీ కూడా పోయినట్టే.

క్లెయిమ్స్ శేషు

ఇన్సూరెన్స్ కంపెనీ ఎలా చూస్తుందో చెబితే మీరు జాగ్రత్త పడతారు. ఇంటికి వచ్చినాయన బహుశా ఇన్వెస్టిగేటర్. ఆయన తీసుకునే స్టేట్‌మెంట్‌లో “ప్రస్తుతం పూర్తిగా కోలుకున్నాను” అనే వాక్యం ఉందేమో చూడండి. అక్కతో సంతకం పెట్టించి ఉంటే ఆ కాగితం నకలు అడగండి. ఇకమీదట లాయరు లేకుండా దేనిమీదా సంతకం వద్దు.

ఫైల్లో మొదట చూసేది తేదీల వరస. ప్రమాదం, డిశ్చార్జ్, లాయరుని కలవడం, సైకియాట్రిస్టుని కలవడం. పిటిషన్ వేసిన వారం తర్వాత మొదటి సైకియాట్రీ చీటీ ఉంటే “కేసు కోసం పుట్టిన రోగం” అని వాదిస్తారు. పిటిషన్‌కి ముందే ఉంటే ఆ వాదనకి చోటు ఉండదు. కాబట్టి రాము గారూ, ఈ వారంలోనే డాక్టరుని కలవండి, పిటిషన్ ఆ తర్వాతే వేయండి.

రెండోది పాత చరిత్ర. అక్కకి పెళ్లికి ముందో, ప్రసవం తర్వాతో డిప్రెషన్‌కి మందులు వాడిన చరిత్ర ఉంటే దాచకండి. పాత చీటీ దొరికిందంటే మొత్తం సాక్ష్యం మీద నమ్మకం పోతుంది. ముందే చెప్పి, “అప్పుడు తగ్గింది, ఇన్నేళ్లు ఉద్యోగం చేసింది, కారు నడిపింది, ప్రమాదం తర్వాత మళ్లీ మొదలైంది” అని డాక్టరుతో చెప్పిస్తే అది బలమే అవుతుంది.

మూడోది సోషల్ మీడియా. రుషికొండ బీచ్‌లో నవ్వుతూ దిగిన ఫొటో తెచ్చి “ఈమెకి మానసిక క్షోభా?” అని అడుగుతారు. పీటీఎస్‌డీ ఉన్నవాళ్లు నవ్వరని ఎక్కడా లేదు, కానీ అవతలి లాయరు ప్రశ్నలు వేసే క్రాస్‌లో ఆ ప్రశ్న వస్తుంది. ఫొటోలు తీసేయడం ఇంకా ప్రమాదం, సాక్ష్యం మాయం చేశారంటారు. ఏం జరిగిందో ఉన్నదున్నట్టు చెప్పడమే.

పెదగంట్యాడ రాము

శేషు గారూ, కంపెనీవాళ్లు “నో ఫాల్ట్” కింద రెండున్నర లక్షలు త్వరగా ఇప్పిస్తాం, కోర్టు చుట్టూ తిరగక్కర్లేదు అంటున్నారు. తీసుకోవచ్చా?

క్లెయిమ్స్ శేషు

అది సెక్షన్ 164. ఎవరి తప్పో నిరూపించక్కర్లేదు. మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు. ఎముక విరగడం తీవ్ర గాయమే కాబట్టి అక్కకి వర్తిస్తుంది. అయితే కంపెనీ నేరుగా సర్దుబాటు చేసుకునే సెక్షన్ 149 పద్ధతిలో ఆ డబ్బు ఒప్పుకుంటే 166 కింద వేసిన పిటిషన్ అక్కడితో రద్దవుతుంది. సెక్షన్ 166(1) ప్రొవైజోలో స్పష్టంగా ఉంది. ఆగి ఉన్న కారుని వెనకనుంచి గుద్దిన కేసులో తప్పు ఎవరిదో నిరూపించడం కష్టం కాదు. నిర్లక్ష్యం నిరూపించలేని కేసులకి ఉన్న దారి అది. ఇంత స్పష్టమైన కేసులో, చికిత్స ఇంకా తేలకముందే దాన్ని పట్టుకోవడం నాకు సరైనది అనిపించదు.

అలాగని గాలిలో మేడలు కట్టొద్దు. శాశ్వత వైకల్యం లేని ఎముక కేసుల్లో బాధ–యాతన పద్దు చిన్నదే. “మానసిక క్షోభకి 20 లక్షలు” అని పిటిషన్‌లో రాసినంత మాత్రాన రాదు.

ఎంవీఓపీ మాస్టారు

శేషు గారితో సగం ఏకీభవిస్తాను. ఆఘాతం అనే ఒక్క పద్దు పట్టుకు లాగితే పెద్ద అంకె రాదు. 2024 నవంబరులో కె.ఎస్. మురళీధర్ కేసులో సుప్రీంకోర్టు బాధ–యాతనకే 15 లక్షలు ఇచ్చింది, కానీ అది నూరు శాతం వైకల్యం కేసు. దాన్ని చూపించి అక్కకీ అంతే వస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

మిగతా సగం దగ్గరే నా అభ్యంతరం. మానసిక రుగ్మత సంపాదన శక్తిని తగ్గిస్తే అది ఆఘాతం పద్దులో ఇమిడిపోదు, భవిష్యత్ సంపాదన నష్టం పద్దులోకి వస్తుంది. రాజ్‌కుమార్ తీర్పు ప్రకారం చూడాల్సింది శరీరంలో ఎంత శాతం పోయిందన్నది కాదు, ఆ మనిషి చేసే పనిలో ఎంత శాతం పోయిందన్నది. కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగానికి డ్రైవింగ్ భయం అడ్డు కాదు. అక్కది ఫీల్డు విజిట్ల పని అన్నారు కదా, అక్కడే తేడా.

లెక్క చూడండి. నెలకి 30,000 అంటే ఏడాదికి 3,60,000. 40 ఏళ్ల లోపు వయసు, స్థిర జీతం ఉన్న ప్రైవేటు ఉద్యోగి కాబట్టి భవిష్యత్ వృద్ధికి 40 శాతం కలిపితే 5,04,000. శాశ్వత ఉద్యోగమని నిరూపిస్తే 50 శాతం కలుపుతారు. గాయాల కేసుల్లో కూడా ఈ వృద్ధి కలపాలని పప్పు దేవ్ యాదవ్ కేసులో (2020) తేల్చారు. సరళా వర్మ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన పట్టికలో 31–35 ఏళ్లకి గుణకం (ఏడాది ఆదాయాన్ని ఎన్నింతలు చేయాలో చెప్పే అంకె) 16. గుణిస్తే 80,64,000. పని మీద ప్రభావం 10 శాతం అని కోర్టు ఒప్పుకుంటే 8,06,400. అయిదు శాతమే అంటే 4,03,200. దీనికి చికిత్స నెలల జీతం, బిల్లులు, బాధ–యాతన వేరే.

అయితే ఆ శాతం శాశ్వతం అని నిరూపించాలి. ఆరు నెలల థెరపీతో అక్క మళ్లీ హాయిగా కారు నడిపిందంటే, దేవుడి దయవల్ల అదే జరగాలి, ఈ పద్దు ఉండదు. అప్పుడు పోయిన నెలల జీతం, వైద్యం, బాధ–యాతనతో సరిపెట్టుకోవాలి. అది న్యాయమే.

నెమలికన్ను

శాతం గురించి ఒక హెచ్చరిక. మానసిక వైకల్యాన్ని మన దేశంలో ఐడియాస్ స్కేలుతో కొలుస్తారు. సొంత పనులు చేసుకోవడం, మనుషులతో మెలగడం, మాట్లాడటం–అర్థం చేసుకోవడం, ఉద్యోగం–ఇంటిపని, ఈ నాలుగింటికీ ఒక్కోదానికి 0 నుంచి 4. జబ్బు ఎంతకాలంగా ఉందో దానికి మరికొన్ని మార్కులు కలుపుతారు. మొత్తం 7కి చేరితేగానీ 40 శాతం కాదు. ఒక్క డ్రైవింగ్ భయం ఉన్న మనిషికి ఈ స్కేలులో తక్కువే వస్తుంది. సదరం సర్టిఫికెట్ రాలేదని కేసు పోయిందనుకోకండి. సదరం పింఛను, రాయితీల కోసం. ట్రిబ్యునల్ చూసేది పని మీద ప్రభావం, దానికి చికిత్స చేసిన డాక్టరు మాటే ముఖ్యం.

ఒకేసారి చూసి “25 శాతం శాశ్వత వైకల్యం” అని రాసిచ్చే సర్టిఫికెట్ల జోలికి వెళ్లొద్దు. పీటీఎస్‌డీకి చికిత్స ఉంది. కనీసం ఒక పూర్తి విడత థెరపీ, తగినంతకాలం మందులు వాడాక కూడా మిగిలినదాన్నే శాశ్వతం అనగలం.

ద్వారకానగర్ ఉమ

పేరోల్ పని తెలిసినదాన్ని కాబట్టి ఉద్యోగం కాగితాలు చెబుతాను. లాయర్లు సాధారణంగా శాలరీ స్లిప్పులు మూడు అడిగి ఊరుకుంటారు. ఈ కేసుకి అవి చాలవు.

ప్రమాదానికి ముందు ఏడాది, తర్వాత ఇప్పటిదాకా ఉన్న స్లిప్పులు రెండూ పక్కపక్కన పెట్టండి. ఫీల్డు ఉద్యోగాల్లో బేసిక్ మారదు, ట్రావెల్ అలవెన్సు, ఇన్సెంటివ్ పడిపోతాయి. నష్టం కనిపించేది ఆ రెండు వరసల్లోనే. సెలవుల రిజిస్టరు నకలు తీసుకోండి, అందులో సిక్ లీవు ఎన్ని, జీతం లేని సెలవు ఎన్ని అని విడిగా ఉండాలి. ఉన్న సెలవులు వాడేసుకున్నా అది నష్టమే, జీతం వచ్చింది కదా అని వదిలేయకండి. ఫీల్డునుంచి డెస్కు పనికి మార్చితే ఆ బదిలీ ఉత్తర్వు లేదా మెయిల్. ఫారం-16, బ్యాంకు స్టేట్‌మెంట్. ప్రమాదానికి ముందు ఫీల్డు విజిట్లకి సొంత కారు వాడినట్టు చూపే రీయింబర్స్‌మెంట్ క్లెయిములు ఉంటే అవి బంగారం, ఎందుకంటే “కారు నడపడం ఈ ఉద్యోగంలో భాగం” అని రుజువు చేసేవి అవే.

ఇప్పుడు ఆఫీసుకి ఆటోలోనో క్యాబ్‌లోనో వెళ్తుంటే యాప్ రసీదులు పీడీఎఫ్‌లో దాచండి. మెయిళ్లు, యాప్ రసీదులు ఎలక్ట్రానిక్ రికార్డులు కాబట్టి భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జతచేయాలి. ఇది మరిచిపోతే అభ్యంతరం వస్తుంది. హెచ్‌ఆర్‌నుంచి ఉత్తరం తెచ్చుకుంటే చాలదు, ఆ ఉత్తరం ఇచ్చినవారు సాక్షిగా వచ్చి రుజువు చేయాలి. వస్తారో లేదో ముందే మాట్లాడుకోండి.

గోస్తనీ

ఇదే అంశంలో నాదొక సందేహం. వెనక సీట్లో ఉన్న పిల్లాడికి ఒక్క గీత కూడా పడలేదు, కానీ అప్పటినుంచి కారెక్కడు. లేదా భార్య ప్రమాదాన్ని భర్త రోడ్డు పక్కనుంచి కళ్లారా చూశాడు. శరీరానికి ఏ గాయమూ లేకుండా వట్టి మానసిక ఆఘాతానికి వేయొచ్చా?

ఎంవీఓపీ మాస్టారు

ఇక్కడ చట్టం ఇరుకు. సెక్షన్ 165లో ట్రిబ్యునల్ పరిధి “మరణం లేదా శరీర గాయం” అని ఉంది. వట్టి ఆఘాతంతో పిటిషన్ వేస్తే మొదటి అభ్యంతరం అదే. కారులో ఉన్న పిల్లాడి విషయంలో చిన్న గాయమైనా, సీటు బెల్టు రాపిడి గుర్తు, మెడ బెణుకు, ఆసుపత్రి రికార్డులో నమోదై ఉంటే దాని ఆధారంగా నిలబడొచ్చు. అందుకే ప్రమాదం రోజు “పిల్లాడికేం కాలేదు” అని చూపించకుండా తీసుకురాకూడదు. కారులో ఉన్న ప్రతి ఒక్కరికీ వైద్య పరీక్ష చేయించి పేరు ఎక్కించాలి. లేని గాయం రాయించడం మాత్రం నేరం, ఆ ఆలోచనే వద్దు.

రోడ్డు పక్కన నిలబడి చూసిన భర్త కేసు చాలా కష్టం. భార్య చనిపోతే వారసుడిగా ఆయన వేయొచ్చు, అందులో సహచర్యం కోల్పోయినందుకు కన్సార్షియం వస్తుంది. సుప్రీంకోర్టు ప్రణయ్ సేథి తీర్పు (2017) ప్రకారం 40,000, మూడేళ్లకోసారి 10 శాతం పెంపు. పిల్లలకీ తల్లిదండ్రులకీ కూడా అది వర్తిస్తుంది. కానీ చూసిన షాకుకి విడిగా ఆ లెక్కలో చోటు లేదు. బతికి ఉన్న భార్య కేసులో భర్త సేవ చేసినందుకు సహాయకుల ఖర్చు అడగొచ్చు.

క్లెయిమ్స్ శేషు

దీనికి ఒకటి కలుపుతాను. తప్పు మన కారుదే అయితే అందులో ప్రయాణించినవాళ్ల క్లెయిమ్ మన పాలసీ మీద పడుతుంది. ప్యాకేజీ పాలసీ, అంటే కాంప్రహెన్సివ్, ఉంటే వాళ్లు కవరవుతారు. వట్టి థర్డ్ పార్టీ పాలసీలో ప్రైవేటు కారు ప్రయాణికులకి కవరు ఉండదు. యజమాని-డ్రైవరుకి ఉండే 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవరు మరణానికి, పెద్ద అంగవైకల్యాలకి తప్ప మానసిక ఆఘాతానికి రాదు. అక్క విషయంలో తప్పు లారీది, ఆ లారీకి అక్క థర్డ్ పార్టీ, కాబట్టి ఈ గొడవ లేదు.

పెదగంట్యాడ రాము

చాలా సంగతులు తెలిశాయి. లాయరు ఇచ్చిన డ్రాఫ్టులో “ప్రమాదం వల్ల పిటిషనరు తీవ్రమైన మానసిక క్షోభకు, చెప్పలేని వేదనకు గురైంది” అని ఒక్క వాక్యం ఉంది. ఇది సరిపోతుందా?

ఎంవీఓపీ మాస్టారు

సరిపోదు. ఆ వాక్యం ప్రతి పిటిషన్‌లోనూ ఉంటుంది, జడ్జిగారి కళ్లు దాని మీద ఆగవు. దాని స్థానంలో ఇలాంటి పేరా పెట్టమనండి. అంకెలు, వివరాలు అక్క చెప్పినవీ డాక్టరు రికార్డులో ఉన్నవీ మాత్రమే రాయాలి.

“ప్రమాదానికి ముందు పిటిషనరు ప్రతిరోజూ సొంత కారు నడుపుకుంటూ గాజువాక, కూర్మన్నపాలెం, అనకాపల్లి ప్రాంతాల్లో విజిట్లు చేసేది. ప్రమాదం తర్వాత ఒక్కసారి కూడా కారు నడపలేదు. కారులో ప్రయాణించేటప్పుడు వెనక భారీ వాహనం వస్తే గుండెదడ, చెమటలు, ఊపిరాడకపోవడం కలుగుతున్నాయి. వారంలో నాలుగైదు రాత్రులు ప్రమాదం కలలో వచ్చి మెలకువ వస్తోంది. ఫలానా తేదీన ఫలానా సైకియాట్రిస్టు పరీక్షించి ఎఫ్ 43.1గా నిర్ధారించారు. ఫలానా తేదీనుంచి యాజమాన్యం డెస్కు పనికి మార్చింది, నెలకి ఫలానా మొత్తం అలవెన్సు ఆగిపోయింది.”

ఇదే క్రమంలో చీఫ్ అఫిడవిట్ (అక్క ప్రమాణం చేసి రాసిచ్చే సాక్ష్యం) రావాలి, ఇదే క్రమంలో డాక్టరు సాక్ష్యం రావాలి. పిటిషన్‌లో నిద్రలేమి అని, అఫిడవిట్‌లో జ్ఞాపకశక్తి పోయిందని, డాక్టరు డిప్రెషన్ అని చెబితే మూడూ పోతాయి.

క్రాస్‌లో అడిగేవి దాదాపు ఇవే. “కోర్టుకి ఎలా వచ్చారు?” “మీ లైసెన్సు ఇంకా ఉందా?” “ఇంట్లో వంట చేస్తున్నారా?” “డాక్టరు దగ్గరికి మీ లాయరు పంపారా?” అక్కని భయపెట్టకుండా ముందే చెప్పి ఉంచండి. ఇంట్లో వంట చేస్తున్నానని ఒప్పుకుంటే కేసుకి నష్టం లేదు. చేయడం లేదని చెప్పి దొరికిపోతే నష్టం. ప్రమాద దృశ్యం మళ్లీ చెప్పాల్సి వచ్చినప్పుడు ఆమె తట్టుకోలేకపోతే కాసేపు విరామం అడగొచ్చు, అది సాక్షి హక్కు అన్నట్టుగా ధైర్యంగా అడగండి.

నెమలికన్ను

సాక్ష్యం చెప్పే తేదీకి ముందు సెషన్ ఒకటి పెట్టించుకోండి. కోర్టులో మళ్లీ అంతా చెప్పడం వల్ల కొన్నాళ్లు లక్షణాలు పెరగడం మామూలే. అది తెలియక “థెరపీ పనిచేయలేదు” అని మానేస్తారు. మధ్యలో చికిత్స మానేసిన ఖాళీ నెలలు ఆరోగ్యానికీ చేటు, కేసుకీ చేటు.

రికార్డులు ఇవ్వమని ఆసుపత్రి మొండికేస్తే మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 సెక్షన్ 25 కింద తన రికార్డు పొందే హక్కు రోగికి ఉంది. రాతపూర్వకంగా అడగండి. ఆ చట్టం ప్రకారమే ఆరోగ్య బీమాలో మానసిక జబ్బుకి శరీర జబ్బుతో సమానంగా కవరు ఇవ్వాలి. ఓపీ ఖర్చులు చాలా పాలసీల్లో రావు గనక ఆ బిల్లులన్నీ ట్రిబ్యునల్ కోసం దాచండి.

ద్వారకానగర్ ఉమ

ఫీజు సంగతి ఎవరూ చెప్పలేదు. “వచ్చినదాంట్లో ఇంత శాతం” అని లాయరు ఒప్పందం చేసుకోవడం బార్ కౌన్సిల్ నియమాలకి విరుద్ధం. ఆసుపత్రి వార్డుల దగ్గరకొచ్చి వకాల్తా మీద సంతకాలు తీసుకునే బ్రోకర్ల ద్వారా అసలే వద్దు. న్యాయసేవాధికార సంస్థల చట్టం 1987 సెక్షన్ 12 కింద మహిళలకి ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. అక్క జిల్లా న్యాయసేవాధికార సంస్థలో దరఖాస్తు పెట్టుకోవచ్చు.

క్లెయిమ్స్ శేషు

లోక్ అదాలత్ గురించి కూడా. కంపెనీలు అక్కడ సర్దుబాటుకి ఇష్టపడతాయి, త్వరగా డబ్బు వస్తుంది, మంచిదే. కానీ ఆ అవార్డు మీద అప్పీలు లేదు, తర్వాత జబ్బు ముదిరినా మళ్లీ తెరవలేరు. థెరపీ ఎటు పోతుందో తెలిసేదాకా ఆగి, అప్పుడు కూర్చోండి. ట్రిబ్యునల్ తీర్పు అయితే 90 రోజుల్లో హైకోర్టుకి అప్పీలు ఉంది. అయితే వివాదంలో ఉన్న మొత్తం లక్ష లోపైతే ఆ అప్పీలు కుదరదు. ఆఘాతం పద్దులో తేడా చాలాసార్లు ఆ లక్షకి లోపే ఉంటుంది. కాబట్టి కింది కోర్టులోనే సాక్ష్యం గట్టిగా పెట్టుకోవాలి.

పెదగంట్యాడ రాము

అక్కని రేపు డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నాం. చివరిగా ఒక్కటే. డాక్టరు గారు కోర్టుకి రానంటే?

ఎంవీఓపీ మాస్టారు

మొదటి విజిట్‌లోనే కోర్టు మాట ఎత్తకండి, వైద్యం మీద దృష్టి పెట్టండి. సాక్ష్యం దశ వచ్చాక లాయరు సమన్లకి దరఖాస్తు వేస్తారు. డాక్టరుకి బత్తా, ప్రయాణ ఖర్చు కోర్టులో కట్టాలి. ఆయన ఖాళీగా ఉండే వారం ముందే కనుక్కుని ఆ వారానికి తేదీ అడగండి. రాలేని పరిస్థితి ఉంటే కోర్టు తరఫున సాక్ష్యం తీసుకునే లాయరు, అంటే అడ్వొకేట్ కమిషనర్‌ని వేయించి ఆసుపత్రిలోనే సాక్ష్యం నమోదు చేయించవచ్చు. ప్రభుత్వ డాక్టరు బదిలీ అయితే, కేసు షీటు గుర్తుపట్టి చెప్పగల అదే విభాగం డాక్టరుని పిలిపించవచ్చు. కానీ చికిత్స చేసిన మనిషి మాటకి ఉన్న బరువు దానికి రాదు. సమన్లలో “కేసు షీటు అసలు ప్రతితో హాజరు కావాలి” అన్న మాట ఉండేలా చూడండి. అది లేకపోతే డాక్టరు వట్టి చేతులతో వస్తారు, వాయిదా ఇంకో రెండు నెలలు పడుతుంది.